గుడారం మోయని కొండదారి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వార్షిక సమావేశమంటే స్కాలర్‌షిప్పుల సంగతి, పేద పిల్లల పెళ్ళిళ్ళ సంగతి, వైద్య శిబిరాల సంగతి, కబరస్తాన్ ప్రహరీగోడ సంగతి మాట్లాడుకోవడం మన ఆనవాయితీ. వీటి మధ్యలో కొండలెక్కడం గురించి ప్రసంగమేమిటని కొందరు పెద్దలు మమ్మల్ని ముందే అడిగారు. అడగవలసిన మాటే. దానికి మా జవాబు యిది.

మన సభ్యుల ఇళ్ళనుంచి కొందరు పిల్లలు కిర్గిజిస్తాన్ దేశంలో డాక్టరీ చదువుతున్నారు. మన రెండు తెలుగు రాష్ట్రాలనుంచీ అక్కడికి వెళ్ళి చదివేవారు చాలామందే వున్నారు. 2024 మే 17 రాత్రి, 18 తెల్లవారుజామున, ఆ దేశ రాజధాని బిష్కేక్‌లో అల్లరిమూకలు విదేశీ విద్యార్థుల హాస్టళ్ళమీద పడ్డ వార్త మీకందరికీ తెలుసు. పలువురికి దెబ్బలు తగిలాయి. గదులు దాటి బయటికి రావద్దని మన ప్రభుత్వం మన పిల్లలకు చెప్పింది. ఆ రెండు మూడు రోజులు మన వీధుల్లో ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలగలేదో మనకు తెలుసు. “అక్కడివాళ్ళు కూడా ముసల్మానులే గదా, యిదేమిటి?” అన్న ప్రశ్న ఆనాడు అందరి నోటా వచ్చింది.

మరుసటి ఏడు, అంటే 2025 జూలైలో, మేము ఏడుగురం ఆ దేశం వెళ్ళాము. రెండు జంటలు, అరవై దాటిన ఒక పెద్దామె (మేమంతా ఆమెను ఆపా అనే పిలుస్తాము), అక్కడే చదువుతున్న ఇద్దరు పిల్లలు. పిల్లల్ని చూడడం మొదటి పని. అది అయ్యాక ఆరు రోజులపాటు కొండల్లో నడిచి వచ్చాము. మాలో ఎవరూ గుడారం మోయలేదు. ఎవరికీ దాన్ని వేయడం కూడా రాదు. ప్రతి రాత్రీ ఎవరో ఒకరి ఇంట్లోనో, గొర్రెలకాపరుల ఉన్ని ఇంట్లోనో పడుకున్నాము. ఆ పద్ధతి ఏమిటి, అది మనవంటి కుటుంబాలకు పనికివస్తుందా, దానికి మనం ఏ మర్యాదతో వెళ్ళాలి, ఈ మూడూ మీ ముందు పెట్టడమే మా ఉద్దేశం.

కొండ నడకంటే మన కుర్రవాళ్ళకు తెలిసిన పద్ధతి ఒకటుంది. గుడారం, పరుపు, స్టవ్వు, గిన్నెలు, నాలుగు రోజుల సామాను వీపుమీద వేసుకుని పోవడం. పదిహేను కిలోలకు తక్కువ కాదు. లేదంటే కూలీలను, వంటవాణ్ణి, గుర్రాలను మాట్లాడుకోవాలి. మొదటిదానికి బలం కావాలి, రెండోదానికి డబ్బు కావాలి. ఈ రెండూ లేనివారు ఇంట్లో కూచుంటారు. ఆ ఇంట్లో కూచునేవారు ఎవరయ్యా అంటే మన ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు, చిన్న జీతగాళ్ళు. కొండ చూసివచ్చే భాగ్యం ఇరవై ఏళ్ళ మగపిల్లలకే అన్నట్టు అయిపోయింది.

గుడారం లేని పద్ధతిలో వీపుమీద వుండేది ఆరేడు కిలోలు. రెండు జతల బట్టలు, ఒక ఉన్ని కోటు, వాన కోటు, మందులు, జానెమాజ్, నీళ్ళ సీసా. పడకా, భోజనమూ మజిలీలో దొరుకుతాయి. పాతకాలంలో సరాయిలున్న దారిలో మన పెద్దలు ప్రయాణం చేసింది ఇట్లాగే గదా! కొత్త విద్యేమీ కాదిది.

కిర్గిజిస్తాన్‌లో తొంభై శాతానికి పైగా నేల కొండలే. శీతాకాలం ప్రజలు కింద పల్లెల్లో వుంటారు. జూన్ వచ్చి మంచు కరిగాక గొర్రెలు, ఆవులు, గుర్రాలను తోలుకుని పై మేతభూములకు వెళతారు. ఆ మేతభూమిని వారు ‘జైలో’ అంటారు. సెప్టెంబరులో చలి ముదరగానే దిగివస్తారు. ఈ మూడు నెలలూ వారుండే ఇల్లు ‘బోజ్ ఉయ్’. అంటే బూడిదరంగు ఇల్లు. లోకమంతా దాన్ని యుర్త్ అంటుంది.

ఈ ఇల్లు కట్టే తీరు చెప్పుకోదగింది. గోడకు సన్నని కర్రలతో అల్లిన జాలరి చట్రం వుంటుంది. పేరు ‘కెరెగె’. విప్పితే గుండ్రని గోడ, ముడిస్తే ఒక కట్ట. దానిమీద వంపు తిరిగిన వాసాలు, వాటి పేరు ‘ఊక్’. వాసాలన్నీ పైన ఒక చెక్క చక్రంలోకి చేరతాయి. ఆ చక్రమే ‘తుందుక్’. వెలుతురు వచ్చేదీ, పొగ పోయేదీ దానిలోంచే. వాన వస్తే తాడు లాగి ఉన్ని దుప్పటితో మూస్తారు. జాలరి కర్రల ముడులకు పచ్చితోలు వార్లే తప్ప మేకు అక్కరలేదు. పైన కప్పేది నేసిన బట్ట కాదు. గొర్రె ఉన్నిని కొట్టి, వేడినీళ్ళు పోసి, రెల్లు చాపలో చుట్టి, తొక్కి తొక్కి గట్టిపరచిన దళసరి నమదా. తెలిసినవారు నలుగురు చేయివేస్తే రెండు మూడు గంటల్లో ఇల్లు లేచి నిలబడుతుంది. 1992లో ఆ దేశం పెట్టుకున్న జెండా మధ్యలో వున్న గుర్తు ఈ తుందుకే. వారి ‘షిర్దక్’ అనే నమదా తివాచీల పని అంతరించిపోయే ప్రమాదంలో వుందని, కాపాడుకోవాలని 2012లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. 2014లో యుర్త్ కట్టే విద్యను కూడా మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

ఖుర్ఆన్ షరీఫ్‌లో సూరా నహ్ల్ 80వ ఆయత్ తీసి చూడండి. పశువుల చర్మాలతో అయ్యే ఇళ్ళు ప్రయాణపు రోజున, మజిలీ రోజున మనిషికి తేలికగా వుండడం, ఉన్నితో సామగ్రి సమకూరడం అక్కడ అల్లాహ్ అనుగ్రహాల్లో లెక్కించబడ్డాయి. మన ఇళ్ళలో ఆ ఆయత్‌ను ఎందరో ఎన్నోసార్లు తిలావత్ చేసి వుంటారు. ఉన్ని ఇంట్లో పడుకుని, పైన చక్రంలోంచి నక్షత్రాలు చూస్తూ, ఆ మాటకు అర్థం మాకు కొత్తగా తోచింది.

ఇక దారి సంగతి. బిష్కేక్ నుంచి కోచ్కోర్ అనే ఊరికి బండిలో వెళ్ళాము. బిష్కేక్ సుమారు 800 మీటర్ల ఎత్తు, కోచ్కోర్ సుమారు 1,800. అక్కడ ఒక ఇంట్లో రెండు రాత్రులున్నాము. తరువాత కిజార్త్ అనే పల్లె వరకు బండి. అక్కడినుంచి నడక. మొదటి రోజు కిలెంచె జైలోలో మజిలీ. రెండో రోజు మూడువేల మీటర్లు దాటిన కనుమ ఎక్కి దిగితే సోంగ్ కోల్ సరస్సు. ఈ సరస్సు 3,016 మీటర్ల ఎత్తున వుంది. ఆ దేశంలో ఇస్సిక్ కోల్ తరువాత ఇదే పెద్దది. చుట్టూ చెట్టన్నది లేదు. గడ్డి, నీళ్ళు, గుర్రాలు, ఆకాశం. రోజుకు అయిదారు గంటల నడక. ఆపాకు ఒక గుర్రం మాట్లాడాము. పగ్గం పట్టుకున్నది ఆ యింటి కుర్రవాడు. “బేటా, మెల్లగా” అని ఆమె ఉర్దూలో అంటుంటే అతనికి ఎట్లా అర్థమైందో గాని దారంతా మెల్లగానే నడిపించాడు.

భాష సంగతి చెప్పాలి. మా పిల్లలకు కాస్త రష్యన్, కొద్దిగా కిర్గీజ్ వచ్చు. కాని పిల్లలు లేకపోయినా మేము పస్తుండేవాళ్ళం కాదు. రొట్టెను వారు నాన్ అంటారు, టీని చాయ్ అంటారు, పుస్తకాన్ని కితెప్ అంటారు, స్నేహితుణ్ణి దోస్ అంటారు, నమాజ్‌ను నమాజ్ అనే అంటారు. ధన్యవాదానికి రహ్మత్ అంటారు. భోజనమయ్యాక అందరూ చేతులెత్తి, పెద్దవారు దువా చెప్పగా ‘ఓమిన్’ అని ముఖాన చేతులు రాసుకుంటారు. మన ఇళ్ళలో దువా అయ్యాక ఆమీన్ అని చేసేదే. మొదటి రాత్రి అది చూసి ఆపాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

ఇట్లా దారి పొడుగునా ఇళ్ళు దొరికే ఏర్పాటు ఎట్లా వచ్చిందో చెప్పాలి. సోవియట్ కాలంలో మందల్లో చాలావరకు ప్రభుత్వ సమష్టి క్షేత్రాలవి. కాపరి జీతగాడు. 1991లో దేశం స్వతంత్రమైంది. సమష్టి క్షేత్రాలు విచ్చిపోయాయి. జీతాలు ఆగాయి. బతుకుతెరువు కోసం జనం గొర్రెలను అమ్ముకున్నారు, కోసుకున్నారు. కొద్ది ఏళ్ళలోనే దేశంలో గొర్రెల సంఖ్య సగానికి పైగా పడిపోయింది. అటువంటి కాలంలో కొన్ని కుటుంబాలు కలిసి, వచ్చే బాటసారులకు పడకా భోజనమూ ఇచ్చి నాలుగు డబ్బులు సంపాదించే మార్గం వెతికాయి. 2000 సంవత్సరంలో కోచ్కోర్‌లో స్విట్జర్లాండ్ దేశపు హెల్వెటాస్ సంస్థ తోడ్పాటుతో ఒక స్థానిక సంఘం ఏర్పడింది. తరువాత మిగతా ఊళ్ళలోనూ వచ్చాయి. 2003లో అవన్నీ కలిసి దేశవ్యాప్త సమాఖ్య అయ్యాయి. ఊళ్ళో ఒక ఆఫీసు వుంటుంది. ఏ ఇంట్లో చోటున్నదో చూసి పంపుతారు. మజిలీకి ఇంత, భోజనానికి ఇంత, గుర్రానికి ఇంత అని రేటు ముందే చెబుతారు. సంఘం ఖర్చుకు కొంత పోను మిగిలింది ఆ ఇంటికే. మన సంఘం పెద్దలు యిది గమనించాలని మనవి. దానం అడగకుండా, తమకున్న ఇంటినీ, తమకు తెలిసిన వంటనూ ఆధారం చేసుకుని నిలబడ్డ ఇళ్ళు అవి.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వుంది. మాలో మాకే రెండు రాత్రులు దీనిమీద వాదన జరిగింది. అతిథిని ఆదరించడం మన దీన్‌లో ఇమాన్‌కు సంబంధించిన విషయం. మెహమాన్‌నవాజీ మూడు రోజులని హదీసు చెబుతుంది, ఆపైన చేసేది సదకా. కిర్గీజ్‌వారిలో ‘కుదాయ్ కోనోక్’ అనే మాట వుంది. అంటే దేవుడి అతిథి. చెప్పాపెట్టకుండా గుమ్మంలో నిలబడ్డవాణ్ణి దేవుడు పంపాడని భావించి, వున్నది పెట్టడం వారి పాత ధర్మం. మరి డబ్బు పుచ్చుకుంటే అది ఆతిథ్యమా, హోటలా? మేమిచ్చిన డబ్బు ఆ ధర్మాన్ని పాడుచేస్తోందా?

మాలో ఒకరు పాడుచేస్తోందన్నారు. మరొకరు కాదన్నారు. చివరికి మేము చేరిన అభిప్రాయం యిది. వేసవిలో ఒకే గుమ్మానికి వారం వారం ఏడెనిమిది మంది వస్తుంటే, దేవుడి పేరుమీద ఎంతకాలం పెట్టగలరు? పిండి కింది ఊరినుంచి రావాలి. చక్కెర, టీ ఆకు కింది ఊరినుంచి రావాలి. ఆ కొండమీద చెట్టు లేదు కనుక పొయ్యిలోకి ఎండిన పేడ గడ్డలు ఇంటివారు ఏరి, ఆరబెట్టి, పేర్చిపెట్టినవి. ఉచితంగా తిని, “ఎంత మంచివారో!” అని పొగిడి రావడం మెహమాన్ లక్షణం కాదు. ఇంటివారిని ఇబ్బందిలో పడేసేటంత కాలం అతిథి వుండిపోరాదని మన పెద్దలు చెప్పనే చెప్పారు. డబ్బు ఇవ్వడమంటే ఆ ఇబ్బందిని వారి నెత్తిన పెట్టకపోవడం. అయితే డబ్బు ఇచ్చాము గనుక ఇల్లు మాదైపోదు. కొన్నది పడక, భోజనం మాత్రమే. ఆ ఇల్లాలి చిరునవ్వు, పసిపిల్ల మా ఒళ్ళో వచ్చి కూచోవడం, ముసలాయన తన చేత్తో రొట్టె తుంచి మా ముందు పెట్టడం రేటుపట్టీలో లేవు. వాటికి బాకీ మర్యాదతోనే తీర్చాలి.

ఆ మర్యాద ఏమిటో చెబుతాము. గుమ్మానికి ఎదురుగా, మడత పెట్టిన పరుపులూ బొంతలూ గోడకు పేర్చిన చోటికి ముందున్నది ‘తోర్’. అది గౌరవ స్థానం. పెద్దవారినీ అతిథినీ అక్కడ కూచోబెడతారు. వారు చూపించకుండా మనంతట మనం పోయి కూచోరాదు. లోపలికి వస్తూంటే కుడివైపు ఆడవారి భాగం, వంట సామాను అటు. ఎడమవైపు మగవారి భాగం, జీను, కొరడా అటు. మన మగవాళ్ళు వంట భాగంలోకి చేతులు పెట్టరాదు. చెప్పులు గుమ్మం దగ్గర. భోజనపు గుడ్డను దాటి నడవరాదు. రొట్టెను బోర్లించి పెట్టరాదు, నేలపాలు చేయరాదు. టీ గిన్నెలో సగమే పోస్తారు. తక్కువ పోశారని అనుకోవద్దు. మళ్ళీ మళ్ళీ అడిగి పోయడమే వారి ఆదరం. ఇవన్నీ మన దాదీలూ నానీలూ మనకు చెప్పిన అదబ్‌కు చుట్టాలే.

భోజనం గురించి మన ఆడవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న హలాలా అని. వారు హనఫీలే, మనలో ఎక్కువమంది మాదిరే. పల్లెల్లో బిస్మిల్లా చెప్పి జబహ్ చేస్తారు. మాంసం, బంగాళాదుంపలు, సేమ్యా వంటి నూడుల్స్, పెరుగు (దాన్ని వారు అయ్‌రాన్ అంటారు), మీగడ, నూనెలో వేయించిన ‘బోర్సోక్’ అనే చిన్న పిండిముక్కలు, జామ్. కారం వుండదు. మా దగ్గరున్న ఊరగాయ సీసా చూసి ఇంటివారి కోడలు వేలితో రుచి చూసి పరుగెత్తి నీళ్ళు తాగింది. అందరం నవ్వుకున్నాము.

రెండు విషయాలు తెలుసుకుని వెళ్ళాలి. ఒకటి ‘కిమిజ్’. అది పులిసిన గుర్రపుపాలు. వారికి అది గొప్ప పానీయం, మొదట అతిథికే ఇస్తారు. పులియడం వల్ల దానిలో కొద్దిగా మత్తు గుణం వుంటుంది. మేము తీసుకోలేదు. గుండెమీద చేయి పెట్టుకుని, రహ్మత్ అని చెప్పి, అయ్‌రాన్ చూపించాము. ఎవరూ నొచ్చుకోలేదు. రెండు, గుర్రపు మాంసం. ఇమామ్ అబూ హనీఫా దాన్ని మక్రూహ్ అన్నారు, ఆయన శిష్యులిద్దరు అనుమతించారు. తినదలచనివారు ముందే చెబితే గొర్రె మాంసమో, కూరగాయలో పెడతారు. పట్టణ దుకాణాల్లో సారాయి అమ్మకం బాహాటమే. డెబ్బై ఏళ్ళ సోవియట్ పాలనలో మసీదులు మూతబడి, దీన్ ఇంటి దువాలలో, దఫన్‌లలో మిగిలింది. 1991 తరువాత రెండువేలకు పైగా మసీదులు వెలిశాయి. నమాజు చేసేవారూ వున్నారు, చేయనివారూ వున్నారు. అది చూసి తీర్పులు చెప్పడానికి మేము పోలేదు, ఎవరూ పోరాదు.

నమాజు సంగతి. ప్రయాణికుడికి కస్ర్ వున్నది. ఒక చోట 15 రోజులకు తక్కువ వుండే ఉద్దేశమైతే నాలుగు రకాతుల ఫర్జ్ రెండుగా చేస్తాము. మన ఊళ్ళో ఖిబ్లా పడమటికి, కొద్దిగా ఉత్తరానికి. అక్కడ అట్లా నిలబడితే తప్పు. అక్కడ పడమరకూ నైరుతికీ మధ్య. దిక్సూచి తీసుకువెళ్ళాలి, లేదా ఇంటి పెద్దను అడగాలి. జూలైలో అక్కడ పొద్దు చాలా ఆలస్యంగా వాలుతుంది, ఇషాకు ఫజర్‌కు మధ్య రాత్రి చిన్నది. వుజూకు గుమ్మం బయట మేకుకు చిన్న నీళ్ళడబ్బా వేలాడుతుంది. కింద పుల్ల నొక్కితే నీళ్ళు వస్తాయి. తెల్లవారుజామున ఆ నీళ్ళు ఎముకలు కొరుకుతాయి. అడిగితే కెటిల్‌లో వేడినీళ్ళు ఇచ్చారు. అక్కడి ముసలివారు ‘మాసి’ అనే మెత్తని తోలు మేజోళ్ళు తొడుక్కుని వాటిమీద మస్హ్ చేసుకుంటారు. ప్రయాణికుడికి మూడు పగళ్ళు, మూడు రాత్రులు ఆ సదుపాయం వున్నది గదా. వెళ్ళేవారు మన ఇమామ్ సాహెబ్‌ను అడిగి, తోలు మేజోళ్ళ జత ఒకటి తీసుకువెళితే సుఖపడతారు.

ఇప్పుడు తల్లుల కోసం నిజం దాచకుండా చెప్పాలి. కొండమీద స్నానపు గది వుండదు. మరుగుదొడ్డి దూరంగా, గొయ్యిమీద చెక్క గది. రాత్రి టార్చిలైటు కావాలి. యుర్త్‌లో గోడల మధ్య గదులుండవు. పరుపులు పక్కపక్కన పరుస్తారు. కాబట్టి కుటుంబానికి ఒక యుర్త్ మాకే కావాలని ఊళ్ళో వున్నప్పుడే ఆఫీసులో చెప్పుకోవాలి. మేము అట్లాగే చెప్పుకున్నాము. ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి ఇచ్చారు. ఇంటి ఆడవాళ్ళతో మాటామంతీ, వంట దగ్గర కూచోవడం, వారి నమదా పని చూడడం మన ఆడవాళ్ళకే దక్కింది. మగవాళ్ళం సరస్సు చూశాము. ఇల్లు చూసింది వారే. గుడారం వేసుకుని దూరంగా పడుకునేవారికి ఈ భాగ్యం లేదు.

ఆరోగ్యం సంగతి. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా, కుర్రవాళ్ళకైనా, ఎత్తు పడకపోవచ్చు. తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం మొదటి గుర్తులు. అందుకే కోచ్కోర్‌లో ఆగి వెళ్ళాము. గుర్తులు కనబడితే ఇంకా పైకి పోరాదు. ముదిరితే ఆలోచించకుండా కిందికి దిగాలి. రక్తపోటు, షుగరు, గుండెజబ్బు వున్నవారు మన డాక్టరును కలవకుండా బయలుదేరవద్దు. జూలైలో కూడా సరస్సు దగ్గర రాత్రి నీళ్ళు గడ్డకట్టేంత చలి పడవచ్చు, మంచూ కురవవచ్చు. ఆ దేశపు వీసా నిబంధనలు మారుతుంటాయి, ప్రయాణానికి ముందు చూసుకోవాలి.

మళ్ళీ ఆ 2024 మే సంగతికి వస్తాము. కోచ్కోర్‌లో మేమున్న ఇంటి యజమాని తనంతట తానే ఆ మాట ఎత్తాడు. తమ రాజధానిలో జరిగినదానికి సిగ్గుపడుతున్నానని మా పిల్లలతో రష్యన్‌లో చెప్పాడు. మా పిల్లలు మాకు చెప్పారు. మేమేమనగలం? దోమల్లాంటి పుకార్లు సెల్‌ఫోన్లలో ఎగిరి మనుషుల్ని మూకగా మార్చడం మనదేశంలో చూడనిదా? ఒక జాతి అంతా మంచిదనీ చెప్పలేము, చెడ్డదనీ చెప్పలేము. అందరూ ముసల్మానులే కనుక భయం లేదనుకోవడం ఎంత అమాయకత్వమో, ఒక రాత్రి అల్లరిని బట్టి దేశాన్ని మొత్తం కొట్టిపారేయడం అంత తొందరపాటు. హాస్టలు గదిలో అయిదేళ్ళుండి, ఆ దేశపు ఇల్లు ఒక్కటీ చూడకుండా తిరిగివచ్చే పిల్లలు ఎక్కువ. వారికి ఊరివారు అపరిచితులు, ఊరివారికి వీరు అపరిచితులు. పుకారుకు అటువంటి చోటే కావాలి. ఒకే గుడ్డ చుట్టూ కూచుని రొట్టె తుంచుకున్నవారి మధ్య అది అంత సులువుగా పుట్టదు. సెలవుల్లో పిల్లలు నలుగురైదుగురు కలిసి, పెద్దలకు చెప్పి, ఇట్లా పల్లెల ఇళ్ళలో నాలుగు రోజులుండి రావడం మంచిదని తల్లిదండ్రులకు మా సలహా. అక్కడ దక్షిణాన అర్స్లాన్‌బోబ్ అనే ఊరుంది. ఉజ్బెక్ ముసల్మానుల ఊరు, సంప్రదాయం బాగా పాటిస్తారు. పేరుపొందిన అక్రోటు అడవి ఆ ఊరిచుట్టూ వున్నది. అక్కడా ఇళ్ళలో బస దొరుకుతుంది, జలపాతాల దాకా నడిచి రావచ్చు.

పాస్‌పోర్టు, విమానం మనవల్ల కాదనేవారు నిరాశపడనక్కరలేదు. మన దేశంలోనే లడఖ్‌లో మార్ఖా లోయ వుంది. ఈ శతాబ్దం తొలి ఏళ్ళనుంచి అక్కడ పల్లెటూరి ఇళ్ళలో బాటసారులకు బస ఇచ్చే ఏర్పాటు నడుస్తోంది. మంచు చిరుతపులులు గొర్రెలను చంపుతుంటే, ఆ నష్టానికి ఊరటగా ఇళ్ళకు ఆదాయం కల్పించి, పులినీ బతకనిద్దామని స్నో లెపర్డ్ కన్జర్వెన్సీ అనే సంస్థ పూనుకుని చేసిన పని అది. స్కియు, మార్ఖా, హంకర్ ఊళ్ళమీదుగా ఇంటినుంచి ఇంటికి నడవవచ్చు. వారు బౌద్ధులు. మన భోజన నియమాలు ముందే చెప్పి శాకాహారం తీసుకుంటే ఏ చిక్కూ లేదు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు కనుక అక్కడ దిగగానే రెండు రోజులు విశ్రాంతి తప్పనిసరి.

చివరగా మా విన్నపం. ఈ ప్రయాణాలకు సంఘం సొమ్ము ఒక్క పైసా ఖర్చు కారాదు. అది విధవలది, విద్యార్థులది. మేము ముందు వుండాలనేది ఒకటే. రాబోయే వేసవిలో వెళ్ళదలచిన కుటుంబాలు తమ ఖర్చుతో కలిసి వెళ్ళేట్టు పేర్లు రాసుకోవడానికి కార్యాలయంలో ఒక పుస్తకం పెట్టాలి. ఒంటరిగా వున్న మన అక్కచెల్లెళ్ళు, పెద్దమ్మలు ఆ గుంపులో చేరడానికి వీలుండాలి. వెళ్ళేవారు మూడు షరతులకు ఒప్పుకోవాలి: చెప్పిన రేటు బేరమాడకుండా ఇవ్వడం, ఇంటివారిని అడగకుండా ఫొటో తీయకపోవడం, తెచ్చిన చెత్త కొండమీద వదలకపోవడం.

ఇంకొక మాట. మన పట్టణానికి వైద్యం కోసం, పరీక్షల కోసం చుట్టుపక్కల పల్లెలనుంచి వచ్చి, ఆసుపత్రి వరండాలో, బస్టాండులో రాత్రి గడిపేవారు మనకు రోజూ కనబడతారు. ఆ కిర్గీజ్ కుటుంబాలు చేసిన పని మనం చేయలేమా? ఎవరింట్లో ఒక గది, ఒక మంచం ఖాళీగా వున్నదో సంఘం దగ్గర పట్టీ వుంటే, ఇవ్వగలిగినవారినుంచి కొద్దిపాటి రుసుము తీసుకుని, లేనివారికి దేవుడి అతిథి కింద చోటివ్వవచ్చు. కార్యవర్గం దీన్ని వచ్చే సమావేశంలో చర్చకు పెట్టాలని కోరుతున్నాము. మా ఏడుగురిలో ఇల్లున్న ముగ్గురమూ మా గదులు ఇప్పుడే రాయించుతున్నాము.

 అల్లాహ్ మన ప్రయాణికులను క్షేమంగా వుంచుగాక, మన గుమ్మాలకు బరకత్ ఇచ్చుగాక. ఆమీన్.

వస్సలామ్.